అమ్మ మతిమరుపూ, తమ్ముడి సైన్సూ

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. ఖమ్మంలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని. అమ్మకు 69, నాన్నకు 75. ఇద్దరూ మా ఊళ్లోనే ఉంటారు. ఏడాదిగా అమ్మకు మతిమరుపు బాగా పెరిగింది. అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతుంది. చీటీ డబ్బులు ఎవరికిచ్చిందో గుర్తులేక పెద్ద గొడవే అయింది. నాన్న మాత్రం ఇరవై ఏళ్లనాటి బాకీలు తేదీలతో సహా చెబుతాడు. మా తమ్ముడు ఫోన్లో ఏదో చదివాడట. ‘ఆడవాళ్ల మెదడులో ఉండే రక్షణ కణాలు వయసు మీద పడ్డాక మెదడునే తినేస్తాయి, మగవాళ్లకు అంత ఉండదు. సైన్సే చెప్పింది. హాస్పిటళ్ల చుట్టూ తిప్పి లాభం లేదు’ అంటున్నాడు. అమ్మకు 33 ఏళ్లకే గర్భసంచి ఆపరేషన్ చేశారు. పాత కాగితాలు తీసి చూస్తే అండాశయాలు రెండూ కూడా తీసినట్టు ఉంది. ఇప్పుడీ మతిమరుపు దానివల్లేనా? నాకూ నెలసరి తప్పుతోంది, నిద్ర పట్టదు, క్లాసులో పిల్లల పేర్లు నోటికి రావడం లేదు. హార్మోన్ మాత్రలు వాడితే మెదడు బాగుంటుందని తోటి టీచర్ ఒకామె చెప్పింది. ఏం చేయాలో తోచక టెన్షన్‌గా ఉంది. అమ్మ 12 ఏళ్లుగా షుగర్ మాత్రలు వేసుకుంటోంది. వేరే జబ్బులేవీ లేవు. సంక్రాంతికి ముందు పెరట్లో జారిపడింది కానీ బొప్పి కట్టడం తప్ప ఏమీ కాలేదు.

సమాధానం: మీరు ఉత్తరం చివర ఏదో మాటవరసకు రాసిన సంగతితోనే మొదలుపెడతాను. అమ్మ పెరట్లో జారిపడింది, తలకు బొప్పి కట్టింది. వయసు పైబడ్డాక మెదడు కొంచెం కుంచించుకుపోతుంది. అప్పుడు మెదడుకూ పుర్రెకూ మధ్య ఉండే సన్నటి సిరలు చిన్న దెబ్బకే చిట్లవచ్చు. రక్తం ఒక్కసారిగా కాకుండా బొట్టుబొట్టుగా, వారాల తరబడి పేరుకుంటుంది. పడ్డ రోజు మనిషి మామూలుగానే ఉంటుంది. నెల తర్వాత మగతగా ఉండటం, నడకలో తడబాటు, తలనొప్పి, మతిమరుపు ఒక్కొక్కటిగా మొదలవుతాయి. ఇంట్లోవాళ్లు వయసు మీద పడిందిలే అనుకుంటారు. ఒక్క సీటీ స్కాన్‌తో విషయం తేలిపోతుంది. రక్తం ఎక్కువగా పేరుకుంటే పుర్రెకు చిన్న రంధ్రం చేసి తీసేస్తారు, చాలామంది తేరుకుంటారు కూడా. అమ్మకు మతిమరుపు పడకముందే ఉందని రాశారు కాబట్టి మొత్తం కథ ఇదే కాకపోవచ్చు. కానీ పడ్డాక ఎక్కువైందా అని నాన్నను విడిగా అడగండి. ఆయన ఏం చెప్పినా సరే, ఈ వారంలోనే స్కాన్ తీయించండి. తమ్ముడు చెప్పే రక్షణ కణాల సంగతి ఆ తర్వాత.

ఇక తమ్ముడు చదివింది. ఆయన చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. ఆ సగాన్ని పట్టుకుని ఆయన చేరిన నిర్ణయం మాత్రం పూర్తిగా తప్పు.

మెదడులో రక్షణ పని చూసే కణాలను మైక్రోగ్లియా అంటారు. 1919లో స్పెయిన్‌కు చెందిన పియో డెల్ రియో ఓర్తేగా వీటికి ఆ పేరు పెట్టాడు. ఇవి మెదడులో పుట్టినవి కావు. తల్లి కడుపులో పిండం ఏర్పడిన తొలి వారాల్లో పచ్చసొన సంచిలో పుట్టి, అక్కడి నుంచి మెదడులోకి చేరి, అక్కడే స్థిరపడిపోతాయి. ఒంట్లోని మిగతా తెల్లకణాల్లా ఎముక మజ్జ నుంచి రోజూ కొత్తవి వచ్చి చేరవు. ఉన్నవే విభజన చెంది నెమ్మదిగా మారుతుంటాయి. మనుషుల్లో ఒక్కో మైక్రోగ్లియా కణం సగటు వయసు నాలుగేళ్ల పైమాటేనని, కొన్నయితే ఇరవై ఏళ్లు దాటి కూడా బతుకుతాయని 2017లో లెక్కకట్టారు. అంత కాలం బతికే కణానికి గతం గుర్తుంటుంది. పాత ఇన్ఫెక్షన్లు, దెబ్బలు, హార్మోన్ల హెచ్చుతగ్గులు అన్నీ దానిమీద ముద్ర వేస్తాయి. ఒకసారి దొంగలు పడ్డ వీధిలో ఆ తర్వాత ఆకు కదిలినా జనం లైట్లు వేసుకుని కర్రలతో బయటికొస్తారు చూడండి, ముసలి మైక్రోగ్లియా అలా తయారవుతుంది. చిన్న కబురుకే పెద్ద గొడవ చేసి, ఇన్‌ఫ్లమేషన్ (వాపు, మంట) పెంచే రసాయనాలు వదులుతుంది, ఆ తర్వాత చల్లారడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది.

‘మెదడునే తినేస్తాయి’ అన్న మాట భయపెట్టడానికి బాగా పనికొస్తుంది. నిజానికి తినడం వాటి రోజువారీ పని. పసిపిల్లల మెదడులో నాడీకణాల మధ్య అక్కర్లేని అతుకులను తిని సర్దేది ఇవే. చచ్చిన కణాలను, పేరుకునే అమైలాయిడ్ అనే ప్రోటీన్ చెత్తను తినాల్సింది కూడా ఇవే. వయసులో ఆ పని అదుపు తప్పి మంచి అతుకులను కూడా తింటే నష్టం జరుగుతుంది. తినకపోయినా నష్టమే. మైక్రోగ్లియా చెత్తను గుర్తుపట్టడానికి వాడే ట్రెమ్2 అనే ప్రోటీన్ జన్యువులో ఒక అరుదైన తేడా ఉన్నవాళ్లకు అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు ముప్పు రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువని సుమారు పన్నెండేళ్ల కిందటే బయటపడింది. అంటే అక్కడ కణాలు తమ పని సరిగ్గా చేయలేకపోవడమే సమస్య అన్నమాట.

ఆడా మగా తేడా సంగతికి వద్దాం. తేడా ఉంది, అది పుట్టిన రోజుల నుంచే ఉంది. ఎలుక పిల్లల్లో చూస్తే, పుట్టిన కొద్ది రోజులకు మెదడులోని కొన్ని భాగాల్లో మగవాటికే మైక్రోగ్లియా ఎక్కువ. పెరిగి పెద్దయ్యేసరికి పరిస్థితి తిరగబడుతుంది. 2018లో మిలాన్ శాస్త్రవేత్తలు ఎదిగిన ఆడ చిట్టెలుకల మైక్రోగ్లియాను తీసి మగవాటి మెదడులో పెట్టారు. ఆ కణాలు మగ ఒంట్లోకి వెళ్లినా తమ ఆడ లక్షణాలు వదులుకోలేదు. పైగా పక్షవాతం తెప్పించినప్పుడు ఆ మగ చిట్టెలుకల మెదడుకు జరిగిన నష్టాన్ని తగ్గించాయి. ఫోన్లో తిరిగే వార్తలకు ఈ ప్రయోగం ఎప్పుడూ ఎక్కదు, ఎందుకంటే ఇందులో ఆడ కణం కాపాడే పక్షాన ఉంది.

తమ్ముడు చదివింది బహుశా ముసలి వయసు గురించి. అక్కడ కథ మారుతుంది. 2017లో అమెరికాలోని ఓక్లహామాలో ముసలి చిట్టెలుకల హిప్పోక్యాంపస్‌ను, అంటే కొత్త జ్ఞాపకాలు తయారయ్యే చోటును పరిశీలించారు. ఏవి తినాలో మైక్రోగ్లియాకు గుర్తు పెట్టి చూపించే కాంప్లిమెంట్ అనే రక్షణ ప్రోటీన్లు వయసుతో రెండిట్లోనూ పెరిగాయి, ఆడవాటిలో మరింత పెరిగాయి. అమైలాయిడ్ పేరుకునేలా తయారుచేసిన చిట్టెలుకల్లోనూ మైక్రోగ్లియా రెచ్చిపోయే స్థితికి ఆడవాటిలోనే ముందు చేరుతుందని 2019లో తేలింది. అదే ఏడాది అమెరికాలోని ఎమ్ఐటీ విశ్వవిద్యాలయం వాళ్లు చనిపోయిన 48 మంది మెదడు కణాలను ఒక్కొక్కటిగా చదివితే, జబ్బు గుర్తులు మోసే కణాల గుంపుల్లో ఆడవాళ్ల కణాలు ఎక్కువగా కనిపించాయి. నలభై ఎనిమిది మంది అంటే చిన్న లెక్కే, కానీ చిట్టెలుకల్లో కనిపించిన దానికి ఇది విరుద్ధంగా లేదు.

వయసులో ఉండగా కాపాడిన కణమే వయసు మళ్లాక ఎందుకిలా అవుతుందంటే, ఒక కారణం ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్. మైక్రోగ్లియా మీద ఈస్ట్రోజన్‌ను అందుకునే గ్రాహకాలున్నాయి, ఆ హార్మోన్ వాటి ఆవేశాన్ని తగ్గిస్తుంది. నెలసరి ఆగాక ఆ పగ్గం వదులవుతుంది. రెండో కారణం ఎక్స్ క్రోమోజోములు. రోగనిరోధక జన్యువులు కొన్ని ఎక్స్ మీదే ఉన్నాయి. ఆడవాళ్లలో రెండో ఎక్స్ చాలావరకు మూతపడి ఉంటుంది కానీ, కొన్ని జన్యువులు ఆ మూత తప్పించుకుని పనిచేస్తుంటాయి. రక్షణ వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చేసే లూపస్ లాంటి జబ్బు పదిమందికి వస్తే అందులో తొమ్మిది మంది ఆడవాళ్లే కావడం వెనక ఇదీ ఒక కారణం. ఈ గట్టి రోగనిరోధక శక్తే ఇన్ఫెక్షన్ల నుంచి ఆడవాళ్లను మగవాళ్లకంటే మెరుగ్గా కాపాడుతుంది కూడా.

మగవాళ్లకు అంత ఉండదన్నాడు కదా తమ్ముడు, ఆయనకు ఈ సంగతి చెప్పండి. వయసు పెరిగేకొద్దీ మగవాళ్ల కణాల్లో కొన్ని, మగవాళ్లకే ఉండే వై క్రోమోజోమును పోగొట్టుకుంటాయి. బ్రిటన్‌లో పెద్ద ఎత్తున రక్తం పరీక్షిస్తే డెబ్బై ఏళ్ల మగవాళ్లలో నూటికి నలభై మందికి పైగా ఇది కనిపించింది. రక్తంలో ఇలా వై పోయినవాళ్లలో అల్జీమర్స్ ఎక్కువగా కనిపిస్తుందని 2016లో ఒక పరిశోధన చెప్పింది. 2022లో ముసలివాళ్ల మెదడు చూస్తే, వై పోగొట్టుకున్న కణాల్లో మైక్రోగ్లియాదే పెద్ద వాటా. ఇక వణుకు తెచ్చి కదలికలు మందగింపజేసే పార్కిన్‌సన్స్ జబ్బు మగవాళ్లలో ఆడవాళ్లకంటే సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. రెండు మెదళ్లూ ముసలివవుతాయి, దారులే వేరు. ఈ మాటే తెలుసుకోవడానికి ఇంత ఆలస్యం ఎందుకైందంటే, దశాబ్దాల పాటు మెదడు ప్రయోగాలన్నీ ఎక్కువగా మగ జంతువుల మీదే జరిగాయి. ఆడవాటికి హార్మోన్లు మారుతుంటాయి, లెక్కలు చెడిపోతాయన్నది అప్పటి సాకు. తర్వాత కొలిచి చూస్తే ఆడ చిట్టెలుకల ఫలితాలు మగవాటికంటే ఎక్కువగా ఊగిసలాడడం లేదని తేలింది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 2016 నుంచి ప్రయోగాల్లో ఆడా మగా తేడాను లెక్కలోకి తీసుకోవాలని నిబంధన పెట్టింది. అంటే ఈ పరిశోధన మొదలైందే ఆడవాళ్లకు సరైన వైద్యం దొరకాలని. దాన్నే చూపించి అమ్మకు వైద్యం వద్దనడం నాకు మింగుడు పడలేదు.

నాన్న గురించి ఒక్క మాట. ఇరవై ఏళ్లనాటి బాకీలు గుర్తుండటం మెదడు పరీక్ష కాదు. మతిమరుపు జబ్బుల్లో పాత జ్ఞాపకాలు చాలాకాలం నిలుస్తాయి, ముందు పోయేవి కొత్తవి. నిన్న రాత్రి ఏం కూర తిన్నాడో అడిగి చూడండి.

ఇప్పుడు ఆపరేషన్ సంగతి. మన రెండు రాష్ట్రాల్లో ఇది చాలా ఇళ్లలో ఉన్న కథ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద నూటికి ముగ్గురికి కాస్త పైన. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎనిమిది మందికి పైన. తెల్లబట్ట అవుతోందనో, నడుం నొప్పనో, క్యాన్సర్ వస్తుందనో భయపెట్టి, ‘పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకది’ అని తీసేసినవి వీటిలో ఎన్నో. గర్భసంచి ఒక్కటే తీసి అండాశయాలు ఉంచితే హార్మోన్లు ఇంకొన్నేళ్లు వస్తాయి. అండాశయాలు రెండూ తీసేస్తే 33 ఏళ్ల మనిషికి ఒక్క రోజులో ఈస్ట్రోజన్ పడిపోతుంది. మామూలుగా నెలసరి ఆగేవాళ్లకు అది కొన్నేళ్ల మీద జరుగుతుంది.

దీనికీ మతిమరుపుకూ సంబంధం ఉందా అంటే ఉంది. అమెరికాలో మేయో క్లినిక్ వాళ్లు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, నెలసరి ఆగకముందే అండాశయాలు తీసేసిన ఆడవాళ్లకు తర్వాతి కాలంలో మతిమరుపు, డిమెన్షియా (రోజువారీ పనులకు అడ్డొచ్చేంతగా జ్ఞాపకశక్తి, ఆలోచన దెబ్బతినడం) ఎక్కువగా వచ్చాయి. ఎంత చిన్న వయసులో తీస్తే ముప్పు అంత ఎక్కువ. ఆపరేషన్ తర్వాత యాభై ఏళ్ల దాకా ఈస్ట్రోజన్ ఇచ్చినవాళ్లలో ఆ పెరుగుదల కనిపించలేదు. అమ్మకు అప్పట్లో మాత్రలు రాసి ఉండాల్సింది, మన దగ్గర చాలామందికి రాయలేదు. కాబట్టి అమ్మ విషయంలో ఆపరేషన్ ఒక పాత్ర పోషించి ఉండవచ్చు. కానీ 36 ఏళ్ల కిందటి ఆపరేషనే దీనికి కారణమని ఎవరూ పరీక్ష చేసి నిరూపించలేరు. అది తెలిసినా ఇవాళ చేయాల్సిన వైద్యం మారదు. అందుకని ఆ కాగితాలు డాక్టరుకు చూపించండి, వాటి గురించి రాత్రుళ్లు నిద్ర పాడు చేసుకోకండి. ఎముకల బలం కూడా పరీక్షించమనండి. ఈస్ట్రోజన్ అంత ముందుగా పోయినవాళ్లకు ఎముకలు గుల్లబారతాయి. ఈసారి జారిపడితే బొప్పితో పోకపోవచ్చు.

ఇప్పుడు అమ్మకు హార్మోన్ మొదలుపెడదామా అని మాత్రం అనుకోవద్దు. 2003లో అమెరికాలో 65 దాటిన 4,532 మంది ఆడవాళ్ల మీద జరిగిన పెద్ద పరీక్షలో ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ అనే మరో హార్మోన్ కలిపిన మాత్ర వేసుకున్నవాళ్లలో 40 మందికి డిమెన్షియా వచ్చింది, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 21 మందికి. మందు మంచిదే అయినా ఏ వయసులో మొదలుపెట్టామన్నది చాలా ముఖ్యమని దీన్ని బట్టి ఇప్పుడు చాలామంది డాక్టర్లు అనుకుంటున్నారు.

అమ్మ విషయంలో నాకు ఆశ కలిగించేది మీరు రాసిన షుగర్ మాత్రలు. షుగర్‌కు చాలామందికి రాసే మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్ల తరబడి వాడితే ఒంట్లో బి12 తగ్గుతుంది. మాంసం తక్కువ తినేవాళ్లలో ఇంకా తగ్గుతుంది. బి12 లోటు అచ్చం డిమెన్షియాలా కనిపిస్తుంది, ముందే పట్టుకుంటే ఇంజెక్షన్లతో చాలావరకు సర్దుకుంటుంది. షుగర్ మాత్రల్లో గ్లైమెపిరైడ్ లాంటిది కూడా ఉంటే, భోజనం ఆలస్యమైన రోజు షుగర్ మరీ పడిపోయి అమ్మ అయోమయంగా మాట్లాడుతుండవచ్చు. బి12తో పాటు థైరాయిడ్, సోడియం, కిడ్నీ, మూడు నెలల షుగర్ పరీక్షలు ఖమ్మంలోనే అయిపోతాయి. ఇంట్లో ఉన్న మాత్రల స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసి తీసుకెళ్లండి. నిద్రకనో, దురదకనో, మూత్రం ఆపుకోలేకనో మందుల షాపులో అడిగి తెచ్చుకున్నవి కూడా. వాటిలో కొన్ని ముసలివాళ్ల జ్ఞాపకశక్తిని నేరుగా దెబ్బతీస్తాయి. వినికిడి కూడా చూపించండి. సరిగ్గా వినపడని మాట గుర్తుండదు, మళ్లీ అడుగుతుంది, మనం దాన్ని మతిమరుపంటాం. దిగులు కూడా ఇలాగే మనిషిని మార్చేస్తుంది. చీటీ గొడవ తర్వాత అమ్మ ఎవరితోనైనా మాట్లాడుతోందా?

ఇవన్నీ అయ్యాక కూడా మతిమరుపు తగ్గకపోతే హైదరాబాద్ నిమ్స్‌లో న్యూరాలజీకి తీసుకెళ్లండి. జ్ఞాపకశక్తి పరీక్ష తెలుగులో, అమ్మ చదువుకు తగ్గట్టు చేయమని అడగండి. వంద నుంచి ఏడేసి తీసేయమంటే బడికి వెళ్లనివాళ్లు తప్పు చెబుతారు, అది జబ్బు కాదు. మనదేశంలో అరవై దాటినవాళ్లలో నూటికి ఏడుగురికి పైగా, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన జాతీయ అంచనా. అందులో ఆడవాళ్లే ఎక్కువ. కానీ ఆ తరం ఆడవాళ్లను బడికి పంపలేదు, కట్టెల పొయ్యి ముందు కూర్చోబెట్టారు. చదువు లేకపోవడం, గాలిలోని పొగ, షుగర్, బీపీ, వినికిడి లోపం, ఒంటరితనం వంటి 14 కారణాలను సరిచేస్తే ప్రపంచంలో డిమెన్షియా కేసుల్లో సుమారు 45 శాతం దాకా ఆపడమో, వెనక్కి జరపడమో చేయవచ్చని లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో చెప్పింది. మైక్రోగ్లియా ఆ జాబితాలో లేదు. మన హైదరాబాద్‌లోనే డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం నిమ్స్‌కు వచ్చిన 648 మంది రోగులను చూసి, రెండు భాషలు మాట్లాడేవాళ్లకు డిమెన్షియా సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వచ్చిందని 2013లో రాసింది. బడి ముఖం చూడనివాళ్లలో కూడా తేడా కనిపించింది. ‘హాస్పిటళ్ల చుట్టూ తిప్పి లాభం లేదు’ అన్న మాటకు తమ్ముడికి ఇంతకంటే దగ్గరి జవాబు నా దగ్గర లేదు.

చివరగా మీ సంగతి. పిల్లల పేర్లు నోటికి రాకపోవడం, నిద్ర పట్టకపోవడం, నెలసరి తప్పడం ఈ మూడూ కలిసి వచ్చాయంటే చాలావరకు నెలసరి ఆగే వయసులో వచ్చే మార్పు తాలూకువే. అమెరికాలో రెండు వేలమందికి పైగా ఆడవాళ్లను ఏళ్ల తరబడి పరీక్షిస్తూ వచ్చిన అధ్యయనంలో, నెలసరి ఆగబోయే సంవత్సరాల్లో కొత్త విషయం నేర్చుకోవడం మందగించి, ఆగిపోయాక మళ్లీ కోలుకోవడం కనిపించింది. పేరు నోటికి రాకపోవడం వేరు, ఆ పిల్ల మీ క్లాసులో ఉందన్న సంగతే మర్చిపోవడం వేరు. మీది మొదటిది.

హార్మోన్ మాత్రల గురించి తోటి టీచర్ చెప్పింది కొంతవరకే నిజం. ఒళ్లు ఒక్కసారిగా వేడెక్కి చెమటలు పట్టడం, దానివల్ల నిద్ర చెడిపోవడం మిమ్మల్ని బాగా ఇబ్బంది పెడుతుంటే అవి బాగా పనిచేస్తాయి. మీ వయసు దానికి తగినదే కూడా. డిమెన్షియా రాకుండా ఆపడానికని మాత్రం వాటిని ఏ వైద్య సంఘమూ సిఫారసు చేయడం లేదు. మీకు గానీ ఇంట్లో వాళ్లకు గానీ రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే, కాళ్లలో రక్తం గడ్డకట్టి ఉంటే, కాలేయం జబ్బు ఉంటే గైనకాలజిస్టుకు ముందే చెప్పండి. థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూపించండి. నెలసరి తప్పే వయసులో రక్తం ఎక్కువగా పోవడం మామూలే, ఆ నీరసమే సగం మతిమరుపు తెస్తుంది. అలా వెళ్లినప్పుడు ఎవరైనా ‘ఎలాగూ ఆగిపోయే వయసేగా, సంచి తీసేద్దాం’ అంటే, ఏ కారణం చేత, మందులతోనో, గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూప్‌తోనో తగ్గదా, అండాశయాలు ఉంచుతారా తీసేస్తారా అని కాగితం మీద రాసివ్వమనండి. అది తీసుకుని ఇంకో డాక్టరుకు చూపించాకే సంతకం చేయండి.